అరవై రెండు శాతం అర్థమైంది

తెలుగునాట ఏ బడికైనా వెళ్ళి చూడండి. పాఠం చివర మాస్టారు "అర్థమైందా?" అంటారు. పిల్లలంతా ఒక్క గొంతుతో "అర్థమైంది సార్!" అంటారు. దారిలో ఎదురుపడ్డ మనిషిని "బాగున్నారా?" అంటే "బాగున్నామండీ" అనడం లాంటిదే ఇదీను. అడిగినాయనకి జవాబు అక్కర్లేదు, చెప్పినవాళ్ళకి ప్రశ్న వినపడనక్కర్లేదు. మాస్టారు పుస్తకం మూస్తారు, పిల్లలు నోళ్ళు మూస్తారు, ప్యూను గంట కొడతాడు. తరతరాలుగా ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా సాగుతున్న ఈ మర్యాదని విద్యాశాఖలో ఎవరో పెద్దాయన నిజమని నమ్మేశాడు. అక్కడొచ్చింది చిక్కంతా.

ఆ పెద్దాయన ఎవరో మనకనవసరం. ఆయన మెదడులో పుట్టింది 'అవగతం' అనే యాప్. తరగతికొక టాబు, టాబుకొక స్టాండు. పీరియడు చివరి రెండు నిమిషాల్లో మాస్టారు దాని ముందు నిలబడి "అర్థమైందా?" అని అడగాలి. పిల్లలు జవాబు చెప్పాలి. టాబు ఆ చప్పుడు విని, తరగతిలో ఉన్న తలకాయల సంఖ్యతో సరిచూసి, ఎంతమందికి అర్థమైందో శాతాల్లో చెబుతుంది. "విద్యార్థుల అవగాహనను నిష్పాక్షికముగాను, పారదర్శకముగాను, అప్పటికప్పుడే కొలుచుటకై ఇట్టి ఏర్పాటు చేయడమైనది" అని సర్క్యులర్ వచ్చింది. పరీక్షలు పెట్టి, పేపర్లు దిద్ది, ఇన్నేళ్ళూ ఎంత శ్రమ వృథా చేశామో ఆ సర్క్యులర్ చదివితే గానీ ఎవరికీ తెలియలేదు.

నేరేళ్ళగెడ్డ హైస్కూలుకి ఏడు టాబులు వచ్చాయి. ఆ బళ్ళో లెక్కలు చెప్పే పతివాడ భానోజీ మాస్టారికి మాత్రం ఓ పాడలవాటు ఉంది. ఆయన పాఠం చివర "అర్థమైందా?" అని అడగరు. "అర్థం కానిదెవరికి?" అని అడుగుతారు. అడిగి ఊరుకోరు, చెయ్యెత్తేదాకా ఒక్కొక్కడి మొహం చూస్తూ నిలబడతారు. మొదట్లో పిల్లలు సిగ్గుపడేవాళ్ళు. తర్వాత తర్వాత చేతులెత్తడం వాళ్ళకీ అలవాటైపోయింది. పదో తరగతిలో పైడిరాణి అనే పిల్ల అయితే జూన్ నెల నుంచీ ఎత్తిన చెయ్యి దించింది లేదు.

"మైనస్ అటేపెల్తే ప్లస్ ఎందుకయిపోతాదండి మాస్టారూ? ఎవులు మార్సేరు దాన్ని?" అని ఆ పిల్ల అడిగింది.

అలా అడిగిన పిల్లని ఆయన తన సర్వీసులో మొదటిసారి చూశారు. ముప్పై ఏళ్ళుగా పిల్లలు మైనస్సుని అటు పంపి ప్లస్ చేస్తున్నారు గానీ ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆయన సంబరపడిపోయి, బజారునుంచి తక్కెడ తెప్పించి, రెండు పళ్ళేల్లో గులకరాళ్ళు వేసి, ఇటు తీసింది అటూ తియ్యాలనీ, ఇటు వేసింది అటూ వెయ్యాలనీ మూడు రోజులు చూపించారు.

సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే టాబు వచ్చింది. మొదటి రోజు మాస్టారు దాని ముందు నిలబడి, నిబంధన ప్రకారం "అర్థమైందా?" అన్నారు. నలభై రెండు మంది పిల్లలూ నిజాయితీగా ఆలోచనలో పడ్డారు. టాబు కాసేపు విని, తీయటి ఆడగొంతుతో "అవగాహన: రెండు శాతం" అంది. ఆ రెండు శాతం కూడా వెనక బెంచీలో ఎవరో దగ్గినందుకు వచ్చింది.

సాయంత్రం హెడ్మిస్ట్రెస్ విశాలాక్షి గారు ఆయన్ని గదికి పిలిపించారు. ఆవిడ మంచి మనిషే. కాకపోతే పదవీ విరమణకి ఇంకా పద్నాలుగు నెలలుంది, ఈ పద్నాలుగు నెలలూ ఎవరూ తనని ఏమీ అడక్కుండా ఉంటే చాలని ఆవిడ మొక్కుకోని దేవుడు లేడు.

"ఏంటి మాస్టారూ ఇది? మీ క్లాసులో రెండు శాతమే అర్థమైందట. జిల్లాలో అందరికంటే కింద మనమే ఉన్నామట. మ్యాపులో మన బడి ఎర్రగా మెరుస్తోందట!"

"వాళ్ళకింకా పూర్తిగా అర్థం కాలేదండి. రేపటికవుతుంది" అన్నారు భానోజీ మాస్టారు.

"అర్థం కాకపోతే ఏమైందండీ? అర్థమైందని చెప్పడానికేం?"

ఆవిడ సర్క్యులర్ రెండో పేజీ తిప్పి చూపించారు. వరసగా మూడు వారాలు నలభై శాతానికి తగ్గిన ఉపాధ్యాయుడిని తొంభై రోజుల పాటు జిల్లా కేంద్రంలోని 'బోధనా పునరుజ్జీవన శిబిరాని'కి పంపుతారని అందులో ఉంది.

తొంభై రోజులు! అప్పటికి నవంబరు నెల. మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. ఆయన రాక ముందు ఈ బళ్ళో లెక్కల పోస్టు రెండేళ్ళు ఖాళీగా ఉంది. ఆ రెండేళ్ళూ పది తప్పిన పిల్లల్లో సగం మంది లెక్కల్లోనే తప్పి, చదువు మానేసి, రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనికి వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు ఆయనకి తెలియవు గానీ, పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సెక్కే ఆడపిల్లల్ని బడికొచ్చే దారిలో రోజూ చూస్తారు. తన నలభై రెండు మందీ ఆ బస్సు ఎక్కకూడదన్నదే ఆయన పట్టుదల.

ఈలోగా పక్క తరగతిలో సోషల్ చెప్పే జగ్గారావు మాస్టారు దూసుకుపోతున్నారు. ఆయన తెలివైన మనిషి. పాఠానికీ శాతానికీ సంబంధం లేదని మొదటి రోజే గ్రహించారు. డ్రిల్లు మాస్టారితో మాట్లాడుకుని, తొమ్మిదో తరగతి పిల్లలకి ఉదయం గ్రౌండులో సాధన పెట్టించారు. "పొట్టలోంచి రావాలిరా! గొంతులోంచి కాదు, పొట్టలోంచి!" అని డ్రిల్లు మాస్టారు విజిలేసేవాడు. మధ్యాహ్న భోజనంలో మిరియాల కషాయం చేరింది. గొంతు పోయిన పిల్లలకి 'స్వర విశ్రాంతి సెలవు' ఇచ్చారు. సహజంగా మెల్లగా మాట్లాడే ఇద్దరు పిల్లల్ని 'అవగాహనా లోపం' కింద విడిగా రాసి, చివరి పీరియడులో వాళ్ళకి ప్రత్యేకంగా అరవడం నేర్పారు.

మొదటి వారం తొంభై ఒకటి. రెండో వారం తొంభై ఆరు. మూడో వారం తొంభై తొమ్మిది.

బడి గోడ వెనకాల ఉండే గేదెల ఆసామీ భార్య నరసమ్మ ఓ రోజు నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చేసింది.

"ఏటమ్మా ఇది? రోజుకి ఏడుసార్లు అర్థమైందీ అర్థమైందీ అని ఆ కేకలేటి? నా గేదె పలుపు తెంపీసుకుని గెడ్డ నీట్లో పడిపోనాది. అంతలాగ అర్థమైపోతే మరింక బడెందుకూ? ఇంటికి పంపీండి, గడ్డి కోస్తారు!"

విశాలాక్షి గారు ఆవిడకి మంచినీళ్ళిచ్చి, ఇది ప్రభుత్వ కార్యక్రమమనీ, గేదెలకి మినహాయింపు లేదనీ నచ్చజెప్పి పంపించారు.

నాలుగో వారం సోమవారం జగ్గారావు మాస్టారికి ఉత్తర్వులు వచ్చాయి. వరసగా మూడు వారాలు తొంభై దాటినందుకు ఆయన్ని 'రాష్ట్ర అవగాహనా వనరుల నిపుణుడి'గా నియమించారు. విద్యా సంవత్సరం ముగిసేదాకా ఊరూరా తిరిగి మిగతా మాస్టార్లకి ఈ విద్య నేర్పాలి. దండలు వేశారు, ఫొటో తీశారు, ఆయన బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆయన తరగతికి ఎవరు వస్తారని విశాలాక్షి గారు పైకి రాస్తే, ఎవరూ రానక్కర్లేదనీ, జగ్గారావు గారి గొంతు టాబులో భద్రపరిచామనీ జవాబొచ్చింది. మర్నాడు మూడో పీరియడులో ఖాళీ కుర్చీ పక్కనుంచి టాబు జగ్గారావు గారి గొంతుతో "అర్థమైందా?" అని అడిగింది. తొమ్మిదో తరగతి గర్జించింది. ఆ రోజు వంద శాతం. మధ్యలో పాఠమనేది అడ్డం లేకపోవడం వల్ల ఆ ఒక్క శాతం పెరిగిందని జిల్లా ఆఫీసు విశ్లేషించింది.

భానోజీ మాస్టారికి మాత్రం మొదటి రెండు వారాలూ వరసగా ఆరు, తొమ్మిది వచ్చాయి. ఎర్రసిరాతో మెమో వచ్చింది. మూడో వారం కూడా ఇలాగే అయితే శిబిరం తప్పదు. ఆయన ఆ మెమో జేబులో పెట్టుకుని పదో తరగతి గదిలోకి వెళ్ళారు. వాళ్ళకి చెప్పకూడదనుకున్నారు గానీ మొహం దాచడం ఆయనకి చేతకాదు.

"ఏటండి మాస్టారూ, ఒంట్లో బాగోనేదా?" అన్నాడు అప్పలసూరి. వాడి తల్లి కూరల గంప నెత్తిన పెట్టుకుని ఐదూళ్ళు తిరిగి అమ్ముతుంది. ఆవిడ వీధి మొదట్లో కేకేస్తే చివరింట్లో చంటిపిల్లలు లేస్తారు. వాడికి ఆ గొంతే వచ్చింది.

మాస్టారు మెమో చదివి వినిపించారు. ఆ పీరియడు చివర ఆయన తలొంచుకుని, టాబు ముందు నిలబడి, జీవితంలో ఎరగని సిగ్గుతో "అర్థమైందా?" అన్నారు. నలభై రెండు మందీ లేచి నిలబడి, ఒక్క అక్షరం కూడా అర్థం కాని త్రికోణమితి మీద "అర్థమైంది సార్!" అని గోడలు అదిరేలా అరిచారు. టాబు "తొంభై ఏడు శాతం" అంది. ఆ వారమంతా అంతే. పై వారంలో విశాలాక్షి గారు ఆ అంకెలు చూసి సంతోషించి టీ తెప్పించారు.

మాస్టారు టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయారు. "ఇంకో రెండు వారాలు ఇలాగే వస్తే నన్నూ నిపుణుణ్ణి చేస్తారు కదండీ?"

"చేస్తారు మరి! దండలు కూడా వేస్తారు."

"మరి నా పదో తరగతి?"

విశాలాక్షి గారు కిటికీలోంచి పక్క తరగతి వైపు చూశారు. అక్కడ జగ్గారావు గారి టాబు, ఎవరూ చెప్పని పానిపట్టు యుద్ధం గురించి, అర్థమైందా అని అడుగుతోంది.

మర్నాడు మాస్టారు పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పేశారు. అరవకపోతే శిబిరానికి, అరిస్తే నిపుణుడిగా. ఎలా చూసినా తను ఇక్కడ ఉండడం కుదరదు. పైడిరాణి చెయ్యెత్తింది.

"మాస్టారూ, మద్దెలో ఉంటేనో?"

"మధ్యలోనంటే?"

"నలభైకి పైన, తొంభైకి లోపల. ఆ కాగితంలో దానికేటి రాసేరండి?"

మాస్టారు సర్క్యులర్ తిరగేశారు. ముందుకీ వెనక్కీ చూశారు. మధ్యలో ఉన్నవాణ్ణి ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. పద్నాలుగు పేజీల సర్క్యులర్లో మామూలు మాస్టారి ప్రసక్తే లేదు. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, బోర్డు మీద పెద్ద అక్షరాలతో 62 అని రాశారు.

"నలభై రెండు మందిలో ఎంతమంది అరిస్తే అరవై రెండొస్తుందర్రా?"

అలా మొదలైంది. ఇరవై ఆరు గొంతులు కావాలని తేలింది. కానీ మొదటి రోజు ఇరవై ఆరుగురు అరిస్తే అరవై ఏడు వచ్చింది. అప్పలసూరి గొంతు ముగ్గురి పెట్టు అని రెండో రోజు కనిపెట్టారు. పక్కనున్న రైసు మిల్లు నడుస్తుంటే టాబు ఆ చప్పుణ్ణి కూడా పిల్లల తెలివి కింద జమకడుతోందనీ, అది ఎనిమిది గొంతుల పెట్టు అనీ మూడో రోజు తేలింది. కిటికీలు తీసి ఉంటే నాలుగు గొంతులు బయటికి పోతాయి. ఇవన్నీ రోజుకో రకంగా మారతాయి. మిల్లుకి కరెంటుండదు, వానొచ్చి కిటికీలు మూస్తారు, అప్పలసూరికి జలుబు చేస్తుంది. అంచేత అరిచేవాళ్ళ సంఖ్య ఏ రోజుకారోజు కట్టుకోవాలి. అదే ఎక్స్.

మాస్టారు ఓ నియమం పెట్టారు. అప్పలసూరి రోజూ అరవాలి. మిగతావాళ్ళు రోల్ నంబరు వరసలో, నిన్న ఎక్కడ ఆగిందో అక్కడినుంచి ఇవాళ మొదలెట్టి, ఎక్స్ ఎంతైతే అంతమంది లేచి అరవాలి. ఎంతమందో తను చెప్పరు. ఎవరి లెక్క వాళ్ళదే. తన వంతు వచ్చిందో లేదో తెలియాలంటే ఆ పిల్లవాడు ఎక్స్ కట్టుకోవలసిందే.

నలభై రోజుల్లో ఆ తరగతి ఎన్ని సమీకరణాలు కట్టిందో చెప్పలేం. నష్టం ఏమిటంటే, పిల్లలకి లెక్కలంటే సరదా పుట్టింది. భోజనాల దగ్గర కూడా "మిల్లు ఆగింది, అప్పలసూరి రానేదు, కిటికీలు మూసేరు, ఎంతమందిరా?" అని పందేలు వేసుకునేవారు. శాతం రోజూ అరవై రెండే. పైనా లేదు, కిందా లేదు.

కానీ మాస్టారికి ఒకటే బెంగ. పైడిరాణి ప్రతిరోజూ ముందుగా లెక్క కట్టేసి బోర్డు మీద ఎక్స్ విలువ రాసేస్తుంది. తక్కినవాళ్ళు నిజంగా కట్టుకుని లేస్తున్నారో, ఆ పిల్ల రాసింది చూసి లేస్తున్నారో తెలియడం లేదు. రాయొద్దంటే ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. నలభై రెండు మందికి వస్తోందా, ఒక్కదానికే వస్తోందా? పరీక్షలో పైడిరాణి అందరి పక్కనా కూర్చోదు కదా అని ఆయన లోపల్లోపలే నలిగిపోయేవారు.

జనవరి చివర్లో ఓ జీపు వచ్చి బడి ముందు ఆగింది. అందులోంచి జిల్లా అవగాహనా సమన్వయాధికారి ఉమాకాంతం గారు దిగారు. చేతిలో ఫైలు, ముఖాన గాంభీర్యం. విశాలాక్షి గారు కుర్చీలోంచి లేచి, ఎందుకైనా మంచిదని నమస్కారం రెండుసార్లు పెట్టారు.

"మీ పదో తరగతి గణితం విషయమై వచ్చాను. నలభై పనిదినములుగా అరవై రెండు శాతం స్థిరముగా నమోదగుచున్నది. ఇట్టి స్థిరత్వము రాష్ట్రమున మరెక్కడా లేదు. డేటా అబద్ధమాడదు. కానీ ఈ డేటా కదలడం లేదు. ఇది సందేహాస్పద స్థిరత్వము" అన్నారాయన.

ఆయన ఫైల్లో ఓ ఫారం ఉంది. అందులో 'కారణము' అని మూడు గడులున్నాయి. కారణం పరికరమైతే, విచారణలో సాక్ష్యం చెప్పడానికి సంబంధిత ఉపాధ్యాయుణ్ణి రాజధానికి పంపాలి. కారణం ఉపాధ్యాయుడైతే, అది మోసమని తేలితే శిబిరానికీ, ప్రతిభ అని తేలితే నిపుణుడిగానూ పంపాలి. మూడో గడి విద్యార్థులు. దానికెదురుగా 'చర్య అవసరము లేదు' అని ముందే అచ్చువేసి ఉంది. చదువు విషయంలో దేనికైనా విద్యార్థులు కారణం కావచ్చని ఎవరూ ఊహించలేదు కాబట్టి, ఊరికే గడి ఖాళీగా ఉండకూడదని వేశారు.

భానోజీ మాస్టారు ఆ ఫారం తలకిందులుగానే చదివేశారు. "అంతా పిల్లలే చేస్తున్నారండి. నా ప్రమేయమేం లేదు" అన్నారు.

"నిరూపించవలెను" అన్నారు ఉమాకాంతం గారు.

పదో తరగతి గదిలోకి వెళ్ళేసరికి ఆ రోజు హాజరు పూర్తిగా ఉంది. మిల్లు గరగరలాడుతోంది. కిటికీలు బార్లా తీసి ఉన్నాయి. అధికారి గారు కుర్చీలో కూర్చుని, విషయమేమిటో వివరించమన్నారు. పైడిరాణి సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళింది. అధికారిని చూసిన భయానికి గడగడా మొదలెట్టింది.

"ఇరవై ఆరు గొంతులు కావాలండి. అరిసీవోలు ఎక్స్ మంది. అప్పలసూరి మూడు. మిల్లు ఎనిమిది. కిటికీల్లోంచి పోయీవి నాలుగండి. అంటే ఎక్స్ ప్లస్ మూడు ప్లస్ ఎనిమిది మైనస్ నాలుగు, ఈజీక్వల్టు ఇరవై ఆరు."

రాసింది. కింద వరసలో ఎక్స్ ఇటు ఉంచి, మిగతావన్నీ అటు పంపింది. మూడు అటెళ్ళి మైనస్ అయింది. ఎనిమిది అటెళ్ళి మైనస్ అయింది. నాలుగు అటెళ్ళి మైనస్సుగానే ఉండిపోయింది. ఎక్స్ ఈజీక్వల్టు పదకొండు అని రాసి, ఆ పిల్ల కింద రెండు గీతలు గీసింది.

పంతొమ్మిది రావాలి. ఏ మైనస్ గురించి తక్కెడ తెచ్చి మూడు రోజులు చెప్పారో, ఆ మైనస్సే. ఆయన నోరు తెరిచారు.

"మీరు మాట్లాడరాదు. మీరు మాట్లాడితే కారణం ఉపాధ్యాయుడి గడిలో పడుతుంది" అన్నారు ఉమాకాంతం గారు. మాస్టారు నోరు మూసుకున్నారు.

"అర్థమైందాండీ?" అని అధికారిని అడిగింది పైడిరాణి, వివరించడం అయిపోయినట్టు.

"అర్థమైంది! అద్దంలా అర్థమైంది" అన్నారు ఉమాకాంతం గారు గట్టిగా. బోర్డు మీది లెక్కని యథాతథంగా తన ఫైల్లోకి ఎక్కించుకున్నారు. "దీనిని మా పరిభాషలో స్వయం నియంత్రిత అవగాహన అందురు. పదకొండు మంది అరవగా అరవై రెండు రావలెను. కానివ్వండి, చూద్దాం."

మాస్టారు మనసులో చకచకా కట్టేశారు. పదకొండు మంది అరిస్తే వచ్చేది నలభై మూడు. అనుకున్న అంకె రాకపోతే అది మోసం. మోసమైతే శిబిరం. శిబిరమైతే ఫిబ్రవరీ లేదు, మార్చీ లేదు, ఈ పిల్లలకి లెక్కలు చెప్పే మనిషే లేడు. నిన్న పదిహేడో నంబరు దగ్గర ఆగారు. ఇవాళ పద్దెనిమిది నుంచి. పదకొండు మందంటే ఇరవై ఎనిమిదితో ఆగిపోతుంది. బోర్డు మీద పదకొండు ఇంత లావున కనిపిస్తోంది.

ఆయన టాబు ముందుకెళ్ళి, వినపడీ వినపడనట్టు "అర్థమైందా?" అన్నారు.

ముందుగా అప్పలసూరి లేచాడు. తర్వాత పద్దెనిమిది లేచింది. పంతొమ్మిది, ఇరవై, వరసగా లేస్తున్నారు. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. బెంచీ కిర్రుమన్న చప్పుడు ఆగలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఇరవై తొమ్మిది నిలబడి ఉంది. ఆ పక్కన ముప్పై లేస్తున్నాడు. ముప్పై ఒకటి బోర్డు కేసి ఓసారి చూసి, తల అడ్డంగా ఊపి, లేచింది. ముప్పై రెండు, మూడు, నాలుగు, ఐదు. చివర్లో ముప్పై ఆరో నంబరు గణపతి లేచాడు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, పెదాలు కదుపుకుంటూ, అందరికంటే ఆలస్యంగా లేచాడు.

"అర్థమైంది సార్!"

"అవగాహన: అరవై రెండు శాతం" అంది టాబు.

"భేష్!" అన్నారు ఉమాకాంతం గారు. ఆయన నిలబడ్డవాళ్ళని లెక్కపెట్టలేదు. టాబు ఉండగా మనుషుల్ని లెక్కపెట్టడం ఆయనకి అలవాటు తప్పింది. "పదకొండు మందితో ఖచ్చితముగా అరవై రెండు! లెక్కకి లెక్క సరిపోయింది." మూడో గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, పైడిరాణి తల నిమిరి, జీపెక్కి వెళ్ళిపోయారు. ఆయన వెనకే విశాలాక్షి గారు గేటుదాకా పరిగెత్తి, మూడో నమస్కారం పెట్టి వచ్చారు.

జీపు చప్పుడు దూరమైంది. పైడిరాణి అప్పుడు చూసుకుంది బోర్డు వైపు. నాలిక కరుచుకుంది.

"అయ్యబాబోయ్! మాస్టారూ, నాను తప్పు సేసీనానండి. ఆ నాలుక్కి ప్లస్ కదండీ!" అని గబగబా డస్టరు తీసింది.

"ఉండమ్మా, చెరపకు" అన్నారు మాస్టారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఇంత ఆనందం ఎరగరు. నవ్వొస్తోంది, కళ్ళనీళ్ళూ వస్తున్నాయి, రెంటిలో ఏది ముందు తుడుచుకోవాలో తెలియడం లేదు. అరిచినవాళ్ళింకా కూర్చోలేదు. గణపతి అయితే ఏదో నేరం చేసినట్టు నిలబడ్డాడు.

"బోర్డు మీద పదకొండని ఉంటే నువ్వెందుకు లేచావురా?" అని అడిగారు.

"అది తప్పండి. పంతొమ్మిదండి. నానే ఆకరోడినండి. నా తరవాత ఎవులూ లెగకూడదు" అన్నాడు గణపతి.

మాస్టారు ముప్పై ఏడో నంబరు వైపు చూశారు. ఆ పిల్ల కదలకుండా, చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

"నా వొంతు రేపండి మాస్టారూ" అంది.